అద్దం ఎప్పుడు పలకాలి?

మా నాన్నగారు ఖరగ్‌పూర్‌లో రైలింజను డ్రైవరు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి బ్రతుకుతెరువుకై వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. పుష్యమాసపు మంచులో సిగ్నలు దీపం కానరాదు. అందుచేత సిగ్నలుకు కొంత ముందుగా పట్టాలపై టపాకాయలు అమర్చేవారు. చక్రం ఎక్కగానే అవి పేలేవి. కన్ను చూడలేని దానిని చెవి పట్టుకొనేది.

ఇప్పుడు మా అబ్బాయి కారుకు హెచ్చరించే అద్దం రూపొందిస్తున్నాడు. 1911లోనే రే హారౌన్ ఇండియనాపొలిస్ పందెంలో వెనుక చూపే అద్దం వాడాడు. అయితే ప్రక్క అద్దంలో కొంత మేర కనబడనే కనబడదు. కుంభాకారపుది కనుక దగ్గరి బండి దూరాన ఉన్నట్లు తోస్తుంది. ఆ లోటు తీర్చడానికి అబ్బాయి రాడార్ అమర్చాడు. తరంగం వెళ్ళి తిరిగివచ్చిన తీరును బట్టి దూరం, వేగం లెక్కగట్టి అది ఎర్రదీపం వెలిగించి, గంట మ్రోగిస్తుంది.

గోల్‌బజారులో పరీక్షించాము. సైకిళ్ళు, రిక్షాలు, ఆవులు! మోత ఆగలేదు. పది నిమిషాలలో అది ఎవరి చెవికీ ఎక్కని రొదగా మారింది.

"పట్టా పొడవునా టపాకాయలు పెడితే మీ తాతగారు ఏ సిగ్నలుకని ఆగేవారురా?" అని అడిగాను.

వాడు వారం రోజులు ఆలోచించాడు. ఇప్పుడు ప్రక్కన బండి ఉంటే దీపం మాత్రమే వెలుగుతుంది. కారు అటు మళ్ళబోతేనే గంట మ్రోగుతుంది. అయినా, అద్దం మౌనంగా ఉన్నంత మాత్రాన దారి ఖాళీ అనుకోరాదు. ఒకసారి మెడ త్రిప్పి చూసే బాధ్యత ఇంకా మనదే.