వాచీకి కొత్త ముఖం

మగవాళ్ళకి యాభై దాటాక ఏదో ఒక పిచ్చి పట్టడం మంచిదేనట. లేకపోతే వంటింట్లోకొచ్చి పోపులడబ్బా సర్దడం మొదలుపెడతారని మా పక్కింటావిడ సిద్ధాంతం. ఆవిడ భర్తకి కుండీల్లో గులాబీలు. మా ఆయనకి వాచీలు.

వాచీలంటే కొనుక్కుని దాచుకునే పిచ్చి కాదండోయ్. అదైతే జేబుకి చిల్లు పడ్డా అర్థమయ్యే పిచ్చి. ఈయన శుభ్రంగా నడుస్తున్న వాచీని విప్పి, దాని డయలు తీసేసి ఇంకో డయలు, దాని ముళ్ళు పీకేసి ఇంకో రకం ముళ్ళు పెట్టి, అద్దం మార్చి, అద్దం చుట్టూ తిరిగే అంకెల చక్రం కూడా మార్చి, "ఎలా ఉంది?" అంటూ నా ముక్కు కింద పెడతారు. "టైము సరిగ్గా చూపిస్తోందా?" అంటాను నేను. "బి.ఏ. చదువుకున్నవాళ్ళకి ఇవి తెలియవులే" అంటారాయన.

ఈ పిచ్చికి దేశదేశాల్లో భక్తులున్నారు. వాళ్ళ ఇలవేల్పు సీకో కంపెనీ 1996లో తెచ్చిన ఎస్.కె.ఎక్స్. 007 అనే వాచీ. సముద్రంలో మునిగేవాళ్ళ కోసం చేసింది, 200 మీటర్ల లోతుకి కూడా తట్టుకుంటుందిట. మా ఆయన స్నానాలగదిలో తప్ప ఎక్కడా నీళ్ళలో దిగిన పాపాన పోలేదనుకోండి! గట్టిది, మరీ ఖరీదు కానిది, పైగా దానికి సరిపోయే భాగాలు కొల్లలు. 2019లో దాని తయారీ ఆపేశారు. ఆపేశాక మోజు ఇంకా పెరిగింది. లోపలి యంత్రాన్ని కూడా వదలరు వీళ్ళు. దాంతోపాటు వచ్చిన యంత్రానికి మనం కీ ఇవ్వడం కుదరదు, చెయ్యి కదిలితేనే తిరుగుతుంది. ఆ స్థానంలో ఎన్.హెచ్. 35 అనే యంత్రం పెడితే కీ ఇవ్వచ్చు, బుడిపె బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది కూడా. 24 రాళ్ళు, గంటకి 21,600 సార్లు కొట్టుకుంటుంది, నిండా కీ ఇస్తే 41 గంటలు నడుస్తుంది. ఈ లెక్కలన్నీ నాకెలా వచ్చాయంటారా? అన్నం వడ్డిస్తూ రోజూ వింటూంటే రాక ఏం చేస్తాయి!

ఆదివారం పదకొండయ్యేసరికి మా భోజనాల బల్ల ఆపరేషన్ థియేటరై కూర్చుంటుంది. ముందు ఫాను ఆపెయ్యాలి. మే నెలలో, హైదరాబాదులో, ఫాను! గాలికి ఒక్క దుమ్ము రేణువు లేచి డయలు మీద వాలిందంటే, అద్దం బిగించాక అది ఏనుగంత కనిపిస్తుందిట. వేళ్ళకి రబ్బరు తొడుగులు, కంటికి భూతద్దం, చేతిలో సన్నటి పట్టకారు. గంటల ముల్లుకి ఉండే చిల్లు ఒకటిన్నర మిల్లీమీటర్లు, నిమిషాల దానికి 0.9, సెకన్ల దానికి 0.2. ఆ 0.2 చిల్లుని ఇరుసు మీద కూర్చోబెడుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. ఒకసారి సరిగ్గా అప్పుడే కుక్కరు కూత వేసింది. ఆ ముల్లు ఈనాటివరకూ దొరకలేదు.

తారీకు చూపించే వాచీకైతే ఇంకో తంతుంది. ముళ్ళు పెట్టకముందే బుడిపె తిప్పుకుంటూ పోయి, తారీకు టక్కున మారిన క్షణాన ఆపి, రెండు ముళ్ళనీ పన్నెండు మీద నిలబెట్టాలి. లేకపోతే మనం మధ్యాహ్నం మజ్జిగ పోసుకునే వేళకి రేపు వచ్చేస్తుంది. అంచేత మా ఇంట్లో పట్టపగలే అర్ధరాత్రి అవుతూంటుంది.

సీకోలతో ఆయన ఏ పాట్లు పడినా నాకేం అభ్యంతరం లేదు. ఆయన కన్ను మా మామగారి ఒమేగా మీద పడేసరికే వచ్చింది చిక్కు.

అది 1962లో మామగారు అలకపాన్పు మీద అడిగిన వాచీ. మా అత్తగారి నాన్నగారు మామిడితోట మీద అప్పుచేసి కొన్నారు. "స్కూటరు అడుగుతారేమోనని నాన్న హడలిపోయారు. మీ మామయ్య వాచీతో సరిపెట్టుకున్నారమ్మా" అని అత్తగారు అంటూంటారు. అది మెప్పో దెప్పో ఇన్నేళ్ళయినా నాకు అంతుబట్టలేదు. 1980 కృష్ణా పుష్కరాలకి బెజవాడలో మామగారు వాచీ తియ్యకుండానే మూడు మునకలూ వేశారు. నీరు చేరి, రెండుకీ మూడుకీ మధ్య గోధుమరంగు మచ్చ పడింది. ఆయన పోయాక అది బీరువాలో పట్టుచీరెల మధ్య ఉండిపోయింది.

"అమ్మా, కొత్తగా అచ్చువేసిన డయళ్ళు దొరుకుతున్నాయి. అదీ, ముళ్ళూ మార్చేస్తే ధగధగలాడుతుంది" అన్నారు మా ఆయన. అత్తగారు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమంటే ఏమిటో పాతికేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నదాన్ని, నాకు తెలుసు.

సరే, నేనూ నాలుగు పుటలు తిరగేశాను. పాత వాచీల బజారులో విలువంతా ముఖానిదేనట. పాల్ న్యూమన్ అనే హాలీవుడ్ నటుడికి ఆయన భార్య ఇచ్చిన రోలెక్స్ డేటోనాని 2017లో న్యూయార్కులో వేలం వేస్తే కోటీ 77 లక్షల డాలర్లు పలికింది. ఆయనకి కారుపందాల వెర్రి. జాగ్రత్తగా నడపమని వాచీ వెనక చెక్కించిందిట ఆ ఇల్లాలు. ఆ రకం డయలున్న డేటోనాలకి ఆయన పేరే స్థిరపడింది. అదే కాలం వాచీ మామూలు డయలుతో ఉంటే అంత ధర రాదు. ఇంకేం, మామూలు వాచీకి ఆ ముఖం తొడిగి అమ్మే ఘనులు బయల్దేరారు. పెళ్ళిచూపుల్లో జడ సొంతమా సవరమా అని చూసినట్టు, కొనేవాళ్ళు ముందు డయలు పుట్టుకతో వచ్చిందేనా అని చూస్తారు.

అమెరికాలో ఈ గొడవలు కోర్టుదాకా వెళ్ళాయి. పాత జేబుగడియారాల యంత్రాలతో చేతివాచీలు చేసే వోర్టిక్ అనే చిన్న కంపెనీ మీద హామిల్టన్ వాళ్ళు వేసిన దావా 2021లో అప్పీలులో కూడా వీగిపోయింది. ఏది పాతదో ఏది తాము చేర్చిందో వోర్టిక్ వాళ్ళు దాచలేదు మరి. 2024లో మాత్రం పాత రోలెక్సులకి బయటి భాగాలు తగిలించి, ఆ పేరుతోనే అమ్మిన వాళ్ళు ఓడిపోయారు.

"మనం అమ్ముతామా ఏమన్నానా?" అన్నారు మా ఆయన. నిజమే.

కానీ ఇంకో సంగతి చదివాక నా గుండె జారింది. 1960ల మొదటి రోజులదాకా చీకట్లో మెరవడానికి చాలా వాచీల అంకెలకీ ముళ్ళకీ రేడియం కలిపిన రంగు పూసేవారు. మెరుపు పోయింది కదా, రేడియమూ పోయిందనుకుంటాం. కాదు. దాంతో కలిపిన జింకు సల్ఫైడు పాడవుతుంది, అంతే. రేడియం సగానికి తగ్గాలంటేనే 1,600 ఏళ్ళు. అద్దం కింద ఉన్నంతసేపూ పెద్ద భయం లేదు గానీ గీకితే ఆ పొడి ఊపిరిలోకి పోతుంది. న్యూజెర్సీలో ఆరెంజ్ అనే ఊళ్ళో 1917 నుంచీ ఈ రంగు పూసింది ఎవరనుకున్నారు? పెళ్ళీడు ఆడపిల్లలు. కుంచె మొన తేలడానికి పెదవులతో తడిచేసుకోమని నేర్పారు వాళ్ళకి. ప్రమాదమేం లేదన్నారు. తర్వాత్తర్వాత దవడ ఎముకలు కుళ్ళిపోయి, పళ్ళూడిపోయి ఎంతమంది పోయారో! గ్రేస్ ఫ్రయర్ అనే అమ్మాయి 1927లో మరో నలుగురితో కలిసి కంపెనీ మీద దావా వేసింది. 1928లో రాజీ కుదిరింది. అప్పటికి వాళ్ళలో కొందరు నడవలేని స్థితిలో ఉన్నారు.

మామగారి వాచీ ముళ్ళ మీద పాచిరంగులో ఏదో పెచ్చులు కట్టి ఉంది. "నేను పప్పన్నం వడ్డించే బల్ల మీద దీన్ని విప్పడానికి వీల్లేదు" అన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. మూడ్రోజులు మాటల్లేవు.

నాలుగోనాడు అత్తగారే కొడుకుని పిలిచారు. "ఒరే నాన్నా, అమ్మాయి మెళ్ళో చూడు. గొలుసు రెండుసార్లు మార్చింది. నల్లపూసలు ఎన్నిసార్లు గుచ్చించిందో లెక్కేలేదు. పుస్తెలు మార్చిందా?" అన్నారు.

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. "అద్దం మార్చుకో. స్ప్రింగు మార్చుకో. తోలుపట్టీ ఎలాగూ పుచ్చిపోయింది. మొహం మాత్రం నాకు తెలిసిన మొహం లాగే ఉండాలి" అని విడమర్చారావిడ.

మర్నాడు ముగ్గురం ఆటోలో కోఠీ వెళ్ళాం. నలభై ఏళ్ళుగా వాచీలు బాగుచేస్తున్న పెద్దాయన ఒకాయన ఉన్నారక్కడ. రేడియం సంగతి నేను చెప్పబోతే ఆయన నవ్వి, పాత ముళ్ళ మీద రంగు తాను గీకనే గీకనన్నారు. యంత్రం కడిగి నూనెవేసి, అద్దం, స్ప్రింగు, నీరు చొరకుండా ఉండే రబ్బరు చుట్టు మార్చడానికి పది రోజులు గడువడిగారు. "ఈ మచ్చకి ఏమైనా చెయ్యమంటారా అమ్మా?" అని అత్తగారినే అడిగారు.

"వద్దు బాబూ, అది పుష్కరస్నానం చేసింది" అన్నారావిడ.

ఇప్పుడా వాచీ అత్తగారి గది అలమరాలో అద్దం తలుపు వెనక నడుస్తోంది. పొద్దున్నే కాఫీ తాగి ఆవిడే కీ ఇస్తారు. రోజుకి మూడు నిమిషాలు వెనకపడుతోంది. దాన్ని సరిచెయ్యచ్చని మా ఆయన ఒకటే తహతహ, ఆవిడ చెయ్యనివ్వరు. ఇహ చేసేదిలేక ఆయన తన సీకోలో ఒకదానికి అచ్చం ఆ ఒమేగాలాంటి డయలు, పేరు లేకుండా, మచ్చతో సహా చేయించే ప్రయత్నంలో ఉన్నారు. మచ్చకి విడిగా డబ్బులడుగుతున్నారట.