అద్దం తుడిచిన చేతులు

పొద్దున్నే ఫోన్ అద్దాన్ని చీరకొంగుతో తుడుచుకోవడం నాకు అలవాటు. ఈరోజు తుడుస్తుంటే చైనాలోని సూజౌ గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

అక్కడి విన్‌టెక్ ఫ్యాక్టరీలో ఆపిల్ కోసం టచ్‌స్క్రీన్లు తయారయ్యేవి. వాటిని ఆల్కహాల్‌తో తుడిచేవాళ్లు. 2009 ప్రాంతంలో దాని బదులు ఎన్-హెక్సేన్ అనే రసాయనం తెచ్చిపెట్టారు. ఎందుకంటే అది ఆల్కహాల్ కంటే త్వరగా ఆరిపోతుంది, అదే సమయంలో ఇంకొన్ని అద్దాలు ఎక్కువ తుడవొచ్చు. అంతే, కేవలం అందుకే! ఆ ఆవిరి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి. గాలి సరిగా ఆడని గదుల్లో రోజంతా తుడిచినవాళ్లకి చేతులు తిమ్మిరెక్కాయి, కాళ్లు పట్టు తప్పాయి. కొందరు నెలల తరబడి ఆస్పత్రి మంచం మీదే ఉన్నారు. 137 మంది జబ్బుపడ్డారని ఆపిల్ 2011లో తన నివేదికలోనే ఒప్పుకుంది.

ఫోన్లు బిగించే చివరి దశలో ఆ రసాయనాన్ని వాడకూడదని ఆ కంపెనీ ప్రకటించింది మాత్రం 2014 ఆగస్టులో. అదీ కార్మిక హక్కుల సంస్థలు ప్రచారం చేసి, మనలాంటి కొనేవాళ్ల చేత సంతకాలు పెట్టించాక.

"మనమొక్కళ్లం అంటే వింటారా" అని చాలామంది అంటారు. విన్నారు కదా.

కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ అంత తొందరగా, అన్ని లక్షల ఫోన్లు కావాలన్న ఒత్తిడి చివరికి ఆ చేతుల మీదే పడుతుంది. మీ ఫోన్ బాగానే పనిచేస్తుంటే బ్యాటరీ మార్పించి ఇంకో రెండేళ్లు వాడండి. అలాంటి సంతకం ఎవరైనా అడిగితే, దయచేసి కాదనకండి.