మేము చేసిన తొలి కత్తి

గృహిణి చేతిలో దినమునకు అన్నిటికంటె నెక్కువసేపు మెలగు పరికరము గరిటెయా, కత్తియా యని యడిగినచో వెంటనే చెప్పుట కష్టము. గరిటెను గూర్చి మనకు తెలియని దేమియు లేదు. కత్తి మాటకు వచ్చునప్పటికి, అది మొద్దువాఱినదని విసుగుకొనుటయు, అంగడిలో మఱియొకటి కొనుటయు తప్ప మన మెఱిగినది స్వల్పము. అది యే లోహముతో చేయబడినది, పదును ఏల నిలువదు, పోయిన పదునును ఎట్లు తిరిగి తెప్పింపవచ్చును అను ప్రశ్నలు మన వంటయింటి గడప దాటి లోనికి వచ్చుట యరుదు. మేము తోడికోడండ్ర మిద్దఱము ఈ పనికి పూనుకొనుటకు కారణము కుతూహలము కాదు, అవసరము.

మా నివాసము శంషాబాదు. మా అత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు. ఏబది సంవత్సరములు కత్తిపీట ముందు కూర్చుండి ఈ యింటికి కూరలు తరిగినవారు. రెండేండ్లనుండి మోకాళ్ళు ఆమెను నేలపై కూర్చుండనీయవు. బొటనవ్రేళ్ళ కీళ్ళు వాచుటచే సన్నని పిడి పట్టు చిక్కదు. కొనితెచ్చిన కత్తులన్నియు ఆమె చేతిలో జాఱుచుండెను. ఒకనాడు వ్రేలు తెగిన పిమ్మట ఆమె కూరల పళ్ళెరమును మా వైపు జరిపి, "ఇగ నాతోటి ఏం పనున్నది బిడ్డా" అనిరి. తెగిన వ్రేలు నాలుగు దినములలో మానినది కాని ఆ మాట మమ్ము విడువలేదు. ఆమె చేతికి తగిన కత్తి అంగడిలో లేనియెడల ఇంటనే చేయవలెనని నిశ్చయించితిమి.

ఆడువారికి ఉక్కుపని యెందుకని నవ్వినవారు లేకపోలేదు. కాని ఉక్కుపని మన దేశమునకు క్రొత్తది కాదు. మా ఊరి మీదుగా పోవు 44వ జాతీయ రహదారి ఉత్తరమున నిజామాబాదు జిల్లా గుండ సాగును. ఆ జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు మూసలలో కరగించిన ఉక్కునకు ప్రసిద్ధి. హెన్రీ వాయిసీ యను వైద్యుడు అచ్చటి పనిని స్వయముగా చూచి వ్రాసిన వర్ణనము, ఆయన మరణించిన పిదప 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. పారసీక వర్తకులు అంతదూరమునుండి వచ్చి ఆ ఉక్కును కొనిపోయెడివారు. దక్షిణదేశపు ఈ ఉక్కును ఆంగ్లేయులు 'వూట్జ్' అనిరి. ఆ పేరు 'ఉక్కు' అను మాటనుండియే పుట్టినదని పలువురి యభిప్రాయము. 1819 ప్రాంతమున లండనులో దాని గుణములను పరీక్షించిన మైకేల్ ఫారడే కమ్మరి కుమారుడే.

ఇనుమంతయు కత్తికి పనికిరాదు. కిటికీ ఊచ యెంత కాల్చి ముంచినను గట్టిపడదు. ఇనుమునందు కర్బనము నూటికి అరపాలునకు మించి యున్నప్పుడే అది కత్తికి తగిన ఉక్కగును. వడ్రంగులు అఱుగదీసి పాఱవేసిన పాత ఆకురాయిలో ఇట్టి ఉక్కుండును. మాకొకటి దొరకినది. ఎనిమిదంగుళముల పొడవు, నాలుగు మిల్లీమీటర్ల మందము. దానిని బొగ్గుల కుంపటిలో ఎఱ్ఱగా కాల్చి, పొడి బూడిదలో పూడ్చి తెల్లవాఱు వఱకు ఉంచితిమి. మెల్లగా చల్లాఱిన ఉక్కు మెత్తబడి రంపమునకు లొంగును. కోసిన తునకను మరల కాల్చి ముంచి, దానిపై క్రొత్త ఆకురాయి నడిపి చూచితిమి. అది పట్టక జాఱినది. ఈ ఉక్కు గట్టిపడునని అట్లు రూఢియైనది. శ్రమపడుటకు ముందే చేయవలసిన పరీక్ష యిది.

పిడి ఆకారమునకు మాకు చపాతీ పిండి తోడ్పడినది. ఒక ముద్దను అత్తగారి చేతిలో నుంచి, కూర తరుగునట్లు పట్టుకొండని కోరితిమి. ఆమె పిడికిలి గుర్తులు దానిపై చక్కగా పడినవి. ఆ ముద్ద నెండబెట్టి యెదుట నుంచుకొని, తుమ్మకఱ్ఱతో అట్టి పిడినే చెక్కితిమి.

ఇక ఆకురాయి పని. నాలుగంగుళముల అలుగును వెన్ను నుండి అంచు వఱకు రెండు ప్రక్కల సమముగా పలుచన చేయుటకు మాకు పదునొకండు సాయంకాలములు పట్టినవి. ఆకురాయిని ముందునకు త్రోయునపుడే అదుమవలెను. వెనుకకు లాగునపుడు అదిమినచో దాని పండ్లు చెడును. అంచును ఒక మిల్లీమీటరు మందమున విడువవలెను. అంతకంటె పలుచనైనచో కాల్చి ముంచునపుడు వంకర పోవును, లేదా పగులును. పిడి మేకులకు రంధ్రములు సైతము ఉక్కు మెత్తగా నున్నప్పుడే తొలువవలెను. తల మీదుగా విమానములు దిగుచుండగా మేము అంగణమున ఆకురాయి నడుపుచుంటిమి. చేతిసంచిలో చిన్న చాకున్నను లోనికి పోనీయని చోటికి ఇంత చేరువలో కత్తి చేయుచున్నారేమని మా ఆడుబిడ్డ పరిహాసమాడెను.

2008 మార్చిలో ఆ విమానాశ్రయము తెఱవబడినది. చుట్టుప్రక్కల సేద్యము తగ్గినకొలది నాగళ్ళును కొడవళ్ళును తగ్గినవి, వానితోబాటు కొలుములును తగ్గినవి. మా వీథిలోని వృద్ధ కమ్మరి కొలిమి ఆఱి చాల కాలమైనది. పని యంతటిలో కఠినమైన ఘట్టమునకు ముందు ఆయనను పిలిచి అడిగితిమి. ఆయన అలుగును త్రిప్పి చూచి, "గడియారం జూడకుండ్రమ్మా, రంగు జూడుండ్రి" అని మాత్రము చెప్పెను.

రంగు తెలియుటకు మసక చీకటి కావలెను. అందుచే సంధ్యవేళ కుంపటి రగిల్చితిమి. పిల్లలను లోపలికి పంపి, నూలుచీరల కొంగులు బిగించి, ప్రక్కన ఇసుక బకెట్టు నుంచుకొంటిమి. మండు నూనెపై నీరు పోయరాదు, ఇసుకయో మూతయో వేయవలెను. లోతైన ఉక్కు గిన్నెలో వేరుసెనగనూనెను కొంచెము వెచ్చచేసితిమి. ఉక్కు సుమారు 770 డిగ్రీల వద్ద అయస్కాంతమునకు అంటుట మానును. అంటుట మానిన తరువాత రంగు మఱికొంచెము తేలిక పడనిచ్చి, పట్టకారుతో నిలువుగా నూనెలో ముంచితిమి. బుసమని పొగ లేచినది. మా యిద్దఱిలో ఎవరికిని కొంతసేపు మాట రాలేదు. చల్లాఱినపిమ్మట ఆకురాయి దానిపై గాజుమీద వలె జాఱినది.

ఇట్లు గట్టిపడిన ఉక్కు క్రిందపడిన విఱుగును. దాని పెళుసుదనమును తగ్గించుటకై వెంటనే ఓవెనులో 200 డిగ్రీల వద్ద గంటసేపు చొప్పున రెండు మాఱులు కాచితిమి. మెఱుగు పెట్టినచోట ఎండుగడ్డి వన్నె కనబడినది. గట్టితనములో కొంత వదలుకొన్నగాని కత్తి నిలువదని అప్పుడు తెలిసికొంటిమి. తరువాత ఇత్తడి మేకులతోను, ఎపాక్సీ బంకతోను పిడి బిగించి, అవిసెనూనె పట్టించితిమి. తుదకు తడిసిన సానరాయిపై, వెన్ను క్రింద నాలుగు రూపాయి బిళ్ళలు పేర్చినంత యెత్తున, రెండు ప్రక్కల సమముగా నూఱితిమి.

కత్తి అందమైనదని చెప్పజాలము. పిడి లావు, అలుగు పొట్టి. అత్తగారు దానిని పట్టి, ఒకసారి త్రిప్పి, "వంకాయలు తేండ్రి" అనిరి. అర్ధసేరు వంకాయలు తరుగువఱకు మఱి మాటలేదు. కత్తి జాఱలేదు.

ఇది తుప్పుపట్టని ఉక్కు కాదు. చింతపండో నిమ్మపండో తగిలిన వెంటనే కడిగి తుడువనిచో మచ్చపడును. ఆ సేవ ఆమె స్వయముగా చేసికొనుచున్నారు. మాకు కలిగిన లాభము వేఱొకటి. ఇంటిలోని పాత కత్తు లైదింటిని మేమే నూఱుకొంటిమి. అవి చెడినవి కావు, పదును తప్పినవే. సోదరీమణులందఱును కుంపటి రగిల్పవలెనని మేము కోరము. సానరాయి యొకటి కొని, నూఱు విద్య నేర్చినను చాలును.

మొన్న ప్రక్కయింటి పెద్దమ్మగారు ఆ కత్తిని చేతబట్టి చూచి పోయిరి. ఆమె పిడికిలి మా అత్తగారి దానికంటె చిన్నది. పిండిముద్ద కిటికీలో ఎండుచున్నది. మేము మఱియొక పాత ఆకురాయికై వెదకుచున్నాము.