చిలక పలికిన మాట

తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్‌లో, ఒక మూడవ అంతస్తు ఫ్లాటులో, వేసవి మధ్యాహ్నం ఇద్దరు టెలివిజన్ ముందు కూర్చున్నారు. ఒకరు తణుకు నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన డెబ్బై ఏళ్ళ వృద్ధురాలు. మరొకరు ఆమె తొమ్మిదేళ్ళ మనుమరాలు. మామ్మకు తెలుగు తప్ప మరొక భాష రాదు. కూరల బండివానితో బేరమాడాలన్నా, వైద్యునికి మోకాలి నొప్పి చెప్పుకోవాలన్నా ఈ మహానగరంలో ఆమెకు మనుమరాలే నోరు.

ఆనాడు తెరపై నడుస్తున్నది ‘ఢిల్లీ సఫారీ’. నిఖిల్ అద్వానీ దర్శకత్వంలో పుణెలోని క్రేయాన్ పిక్చర్స్ సంస్థ కంప్యూటర్ యానిమేషన్ పద్ధతిలో నిర్మించిన హిందీ చిత్రమది. 2012 అక్టోబరులో విడుదలై, ఆ సంవత్సరపు ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకున్నది. మనుమరాలు దానిని అప్పటికి ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. మామ్మకు మాత్రం అదే మొదటిసారి. పిల్ల ప్రతి సంభాషణనూ తెలుగులో చెబుతూ వచ్చింది.

ముంబయి నగరాన్ని ఆనుకొని ఉన్న అడవిని బుల్డోజర్లు కూలదోస్తాయి. చిరుతపులి పిల్ల యువి కళ్ళ ఎదుటే దాని తండ్రి సుల్తాన్ మనుషుల చేతిలో హతమవుతుంది. మిగిలిన మృగాలు ఢిల్లీ వెళ్ళి, పార్లమెంటు ముందు తమ గోడు చెప్పుకోవాలని నిశ్చయించుకుంటాయి. కాని ఏ భాషలో చెప్పుకోవాలి? మనుషుల మధ్య పెరిగి, వారి భాష నేర్చిన అలెక్స్ అనే చిలక ఒకటున్నది. సుఖానికి అలవాటుపడిన ఆ చిలకకు అడవి గోల పట్టదు. అందుచేత వానరం బజరంగీ దానిని బలవంతంగా ఎత్తుకు వస్తుంది.

“మామ్మా, ఆ చిలకకు మనుషుల భాష వచ్చునట. అందుకే ఎత్తుకుపోతున్నారు” అన్నది పిల్ల.

“అయితే అది నీలాంటిదేనన్నమాట!” అన్నది మామ్మ.

ఈ చిత్రంలో లోపాలు లేకపోలేదు. హాలీవుడ్ చిత్రాల నునుపు దీనికి లేదు. హాస్యం కొన్నిచోట్ల మోటుగా ఉంటుంది. అయినా ఆవేశపరుడైన వానరానికి గోవిందా, శాంతమూర్తి అయిన ఎలుగుబంటికి బొమన్ ఇరానీ, చిలకకు అక్షయ్ ఖన్నా అరువిచ్చిన కంఠాలు ఆ బొమ్మలకు ప్రాణం పోశాయి. అంతకంటె విలువైనది దానిలోని ఊహ. పంచతంత్రం నాటి నుంచి మన కథలలో మృగాలు మాట్లాడుతూనే ఉన్నాయి. ఆ మాట మనిషికి ఎలా చేరుతుందన్న చింత కథకునికి అంతగా ఉండదు. ఈ చిత్రం ఆ చింతనే కథగా మలచుకున్నది. అర్థం తెలియకుండా వల్లించే మాటలను మనం చిలకపలుకులంటాము. ఇక్కడి చిలక పలుకులు మాత్రం ఒక అడవికి ప్రాణభిక్ష పెట్టాయి.

కథ అక్కడ సుఖాంతమైనది. వాస్తవం అంత తేలికగా ముగియదు. చిత్రంలోని అడవి పక్కనే ఉన్న ముంబయి ఆరే కాలనీలో, 2019 అక్టోబరులో మెట్రో రైళ్ళ షెడ్డు కోసం రాత్రికి రాత్రి చెట్లు నరికారు. న్యాయవిద్యార్థులు వ్రాసిన లేఖను సుప్రీంకోర్టు పిటిషనుగా స్వీకరించి నరకడం ఆపించేసరికి, రెండువేలకు పైగా చెట్లు నేలకూలాయి. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయం చెంత, కంచ గచ్చిబౌలి 400 ఎకరాలలో బుల్డోజర్లు దిగినప్పుడు విద్యార్థులు ఎలుగెత్తారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది. రెండుసార్లూ మొర ఢిల్లీకే చేరింది. నెమళ్ళూ జింకలూ రాలేదు. వాటి పక్షాన మాట్లాడగలిగినవారు వచ్చారు.

చిత్రం చూసిన కొన్నాళ్ళకు ఆ ఫ్లాట్ల వారు కార్లు నిలిపే చోటు కోసం క్రింద ఉన్న వేపచెట్టును తీయించాలని తలచారు. ఢిల్లీలో చెట్టు కొట్టాలంటే 1994 నాటి చట్టం ప్రకారం అనుమతి కావాలి. దానికి దరఖాస్తు పెడదామని ఒక సాయంత్రం సమావేశమైనారు. మామ్మ మనుమరాలి చేయి పట్టుకొని మెట్లు దిగి వారి మధ్య నిలిచింది.

“బండికి ఎండ తగిలితే రంగు పోతుంది నాయనా! బిడ్డలకు తగిలితే ఏం పోతుందో ఆలోచించారా? మా ఊళ్ళో వేపచెట్టును అమ్మవారంటాము. నీడనిచ్చిన తల్లిని నరుక్కుంటామా?”

ఇంకా చాలా చెప్పింది. పిల్ల తడబడుతూనే హిందీలో రెండు ముక్కలు పలికింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. దరఖాస్తు మాట తరువాత చూద్దామన్నారు.

మెట్లెక్కుతూ మామ్మ అడిగింది: “నేనంత చెబితే నువ్వు రెండు ముక్కలే అన్నావేమే?”

“మిగతాది నీ మొహం చూస్తేనే వాళ్ళకు తెలిసిపోయింది మామ్మా!” అన్నది చిలక.

వేపచెట్టు ఇంకా అక్కడే ఉన్నది.