స్థూలకాయం – రెండు తరహాల మందులు

నెల్లూరు పేరు చెప్పగానే ఎవరికైనా మొలగొలుకుల బియ్యమూ, చేపల పులుసూ గుర్తుకు వస్తాయి. పంటకూ సముద్రానికీ లోటులేని సీమ మనది. ఒకనాడు ఈ తీరవాసి తిన్నదంతా పొలంలోనో పడవ మీదనో కరిగిపోయేది. నేడు వరికోతకు యంత్రం వచ్చినది, పడవకు ఇంజను వచ్చినది, కళాశాలకు వచ్చే కుర్రవానికి మోటారు సైకిలు వచ్చినది. అన్నం మాత్రం తగ్గలేదు. పైగా దానికి బిర్యానీ తోడైనది. ఫలితం అద్దంలో కనిపిస్తున్నది, రక్తపరీక్షలో మరింత స్పష్టంగా కనిపిస్తున్నది.

మేము వైద్యులము కాము. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవారము. అయినా ఈ విషయంపై కలం పట్టడానికి కారణం ఉన్నది. గత విద్యాసంవత్సరంలో మా తరగతి విద్యార్థిని ఒకతె పాఠం మధ్యలో లేచి, గుండె దడగా ఉన్నదనీ, చేతులు వణకుతున్నాయనీ చెప్పినది. విచారించగా తేలినదేమనగా, ఆ అమ్మాయికి నిఖా కుదిరినది. పెళ్ళివారు "కాస్త సన్నబడితే బాగుండు" నన్నారు. అమెరికాలో ఉన్న ఖాలా ఎవరి సామానులోనో ఒక సీసా మాత్రలు పంపినది. మూడు వారాలుగా ఉదయమొక మాత్ర. ఆకలి లేదు, నిద్ర అంతకన్నా లేదు. సీసాపై ఉన్న పేరు ఫెంటెర్మిన్. వైద్యుడు ఆ మాత్రలు మాన్పించగా నాడి నెమ్మదించినది.

మరునాడు ఆమె తల్లి మా వద్దకు వచ్చి, "సార్, ఆ మాత్ర చెడ్డదైతే, ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్న వారానికొక సూది మంచిదేనా? అది వేయిద్దామా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు జవాబు కోసం మేము చదివినదీ, తెలిసిన వైద్యులను అడిగి గ్రహించినదీ ఇక్కడ వ్రాస్తున్నాము.

ఫెంటెర్మిన్ ఉత్తేజక జాతికి చెందినది. పులి ఎదురైనప్పుడు మనకు ఆకలి వేయదు కదా! గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండిపోతుంది, కన్ను మూతపడదు. అటువంటి స్థితినే ఈ మందు పులి లేకుండా కల్పిస్తుంది. నోరడ్రినలిన్ అనే రసాయనాన్ని విడుదల చేయించి ఆకలిని అణుస్తుంది. అమెరికాలో 1959లో దీనికి అనుమతి లభించినది, అదీ కొద్ది వారాల వాడకానికే. గుండెజబ్బు ఉన్నవారికి, థైరాయిడ్ ఉద్రేకం ఉన్నవారికి, గర్భిణులకు ఇది నిషిద్ధం. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు జాబితాలో దీని పేరున్నది. బంధువుల పెట్టెలో చాక్లెట్ల నడుమ రావలసిన వస్తువు కాదు.

ఈ మందుకు ఫెన్‌ఫ్లూరమిన్ అనే మరొక మందును జతచేసి 1990ల నడుమ అమెరికాలో లక్షలాదిమంది సేవించారు. హృదయ కవాటాలు చెడుతున్నాయని తేలగా 1997లో ఫెన్‌ఫ్లూరమిన్‌ను ఉపసంహరించారు. ఆ దోషం జతగానిదే గాని ఫెంటెర్మిన్‌ది కాదు. అది నేటికీ అక్కడ వాడుకలో ఉన్నది. అదే 1997లో సిబుట్రమిన్ అనుమతి పొందినది. గుండెపోటు, పక్షవాతాల ప్రమాదం పెరుగుతున్నదని 2010లో అది కూడా పోయినది. మన ప్రభుత్వం 2011లో దానిని నిషేధించినది. అంతటితో కథ ముగిసినదా అంటే లేదు. 'కేవలం మూలికలు' అని అమ్మే సన్నబడు గుళికలలో దానిని రహస్యంగా కలుపుతున్నారని అమెరికా ఆహార ఔషధ సంస్థ మాటిమాటికి హెచ్చరిస్తూనే ఉన్నది. పచ్చని ఆకు బొమ్మ చూచి మోసపోయేవారిలో చదువుకున్నవారే ఎక్కువని మా అభిప్రాయం.

రెండవ తరహా మందులు గుండెను తరుమవు. 1999లో అనుమతి పొందిన ఓర్లిస్టాట్ పేగులోనే పనిచేసి, తిన్న కొవ్వులో సుమారు మూడవ వంతును ఒంటికి పట్టనీయదు. ఆ కొవ్వు ఎక్కడికి పోతుందో నూనె తేలిన పులుసు తిన్న సాయంత్రమే తెలిసివస్తుంది. ఇంతకన్న వివరించడం ఈ సంచికకు తగదు.

ఆ తల్లి అడిగిన సూదులు వేరు. భోజనం చేసినప్పుడు పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోనును విడుదల చేసి, 'ఇక చాలు' అని మెదడుకు కబురు పంపుతాయి. సెమాగ్లూటైడ్ దానికి అనుకరణ. టిర్జెపటైడ్ దానితోపాటు మరొక పేగు హార్మోను పనిని కూడా చేస్తుంది. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో పేరుతో టిర్జెపటైడ్, జూన్‌లో వెగోవీ పేరుతో సెమాగ్లూటైడ్ విడుదలైనాయి. పరీక్షలలో సెమాగ్లూటైడ్ 68 వారాలలో సగటున 15 శాతం, టిర్జెపటైడ్ అధిక మోతాదు 72 వారాలలో 20 శాతానికి పైగా బరువు తగ్గించినవి. మధుమేహం ఉన్నవారిలో తగ్గుదల కొంత తక్కువ. వికారం, వాంతులు సాధారణం. పిత్తాశయంలో రాళ్ళు, క్లోమగ్రంథి వాపు అరుదుగా రావచ్చు. కొవ్వుతోపాటు కండ కూడా కొంత కరుగుతుంది.

అసలు చిక్కు మానివేసినప్పుడు వస్తుంది. సెమాగ్లూటైడ్ మానిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి చేరినట్లు తేలినది. స్వర్ణాల చెరువు వద్ద ఈ ఏడు రొట్టె పట్టి, కోరిక తీరితే మరుసటి ఏడు రొట్టె వదలి మొక్కు తీర్చుకుంటారు. ఈ సూదితో అలా ఒక్క ఏడాదిలో లెక్క తీరదు. పెళ్ళి ముహూర్తం వరకని మొదలుపెట్టడానికి ఇది నగ కాదు.

ఇంతకూ ఆ అమ్మాయి ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలు. బి.ఎమ్.ఐ. లెక్క కడితే 24కు కొద్దిగా పైన. భారతీయులకు స్థూలకాయం 25 వద్ద మొదలవుతుంది. ఈ సూదులకైతే 30 ఉండాలి. లేదా 27 ఉండి, మధుమేహమో రక్తపోటో వంటిది తోడుండాలి. ఏ మందూ అక్కరలేని పిల్ల గుండె మా కళ్ళెదుట కొట్టుకులాడినది! కావలసినది పెళ్ళివారి నోటికి కళ్ళెం.

మా ఎదుట కూర్చున్న తల్లికి పన్నెండేళ్ళుగా మధుమేహం, మోకాళ్ళ నొప్పి. మెట్లెక్కి వచ్చి చాలాసేపు ఆయాసపడినది. "ఆపా, అమ్మాయికి ఏదీ వద్దు. ఆ సూది సంగతి మీ కోసం వైద్యుణ్ణి అడగండి" అన్నాము. ఆమె ఆశ్చర్యపోయి, "నాకేమైనా పెళ్ళా సార్?" అన్నది. మన ఇళ్ళలో మందు ఎవరికి దొరుకుతుందో, ఎవరికి దొరకదో ఆ మాటలో ఉన్నది.

ఆమె చూపించుకున్నది. వైద్యుడు సూది వ్రాయవచ్చునన్నాడు గాని ఖర్చు విని వెనుదిరిగినది. సెమాగ్లూటైడ్ పేటెంటు మన దేశంలో 2026 మార్చి వరకే. అంతకు ముందే, 2025 డిసెంబరులో, హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ ఎగుమతి కోసం దానిని తయారుచేయడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతించినది. మనవారు చేసే మందు మనవారికి అందే ధరకు వస్తే ఆమె మళ్ళీ వెళతానన్నది. ఇంకొక సందేహం కూడా అడిగినది: వాడకం మొదలుపెట్టని సూదిని 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలట, వారి ఊరు మైపాడు వైపు, తుఫాను పట్టిన రోజులలో అక్కడ కరెంటు ఉండదు, ఎలాగ అని.