స్నాప్‌షాట్ ఉందిగా!

మొన్న ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం మా నాగారంలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ రెండుసార్లు కీచుమని అదీ పోయింది. నా డెస్క్‌టాప్ మీద నాలుగు వర్చువల్ మెషీన్లు నడుస్తున్నాయప్పుడు. కరెంటొచ్చాక మూడు లేచాయి. నాలుగోది లేవలేదు.

ఆ నాలుగోది మా చిన్నాయనది. నాచారంలో ఆయనకో చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. ఎవరెంత బాకీ అన్న లెక్కంతా విండోస్ ఎక్స్‌పీలో నడిచే ఓ పాత ప్రోగ్రాంలో ఉండేది (ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014లోనే నీళ్ళొదిలేసింది లెండి). కొత్తది రాసిస్తానని మాటిచ్చి, ఆ డిస్కు మొత్తాన్ని వర్చువల్‌బాక్స్‌లోకి ఎక్కించుకున్నాను. పాతదాంట్లో ఒక బిల్లు, కొత్తదాంట్లో అదే బిల్లు కొట్టి పోల్చుకోవడం, తేడా వస్తే స్నాప్‌షాట్‌కి వెనక్కెళ్ళడం... మహా హాయిగా ఉండేది. నెలకే ఆయన పాత పీసీ చచ్చింది.

"నీ తాన ఉన్నది గదరా" అన్నాడు. ఉందిగా అన్నాను నేనూ! అప్పట్నుంచి బిల్లులు వాట్సాప్‌లో పంపేవాడు, నేను ఎక్కించేవాణ్ణి.

వర్చువల్ మెషీన్లు కొత్తేం కాదు. ఐబీఎం 1972లోనే మెయిన్‌ఫ్రేముల కోసం వీఎం/370 తెచ్చింది, వీఎంవేర్ 1999లో పీసీల మీదికి దించింది. మనకి రుచి మరిగింది మాత్రం స్నాప్‌షాట్‌తోనే. అయితే స్నాప్‌షాట్ తీస్తే డిస్కు కాపీ అవదు. పాత ఫైలుని ముట్టుకోకుండా, ఆ తర్వాతి మార్పుల్ని వేరే ఫైల్లో రాస్తారంతే. కుండ మీద కుండ. కింది కుండ పగిలితే పైవాటి గతేంటో చెప్పక్కర్లేదు కదా? ఇంకో తిరకాసు, స్నాప్‌షాట్ డిలీట్ చెయ్యడమంటే చెరపడం కాదు, రెండు ఫైళ్ళని కలపడం. డిస్కు నిండుతోందని నేను ఆరు స్నాప్‌షాట్లకి డిలీట్ కొట్టి భోజనానికి లేచాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మొదటిరోజు తీసిన కాపీ ఒకటి ఎక్స్‌టర్నల్ డిస్కులో దొరకబట్టి బతికాను. తర్వాతి రెండు నెలల బిల్లులు గల్లంతు. చిన్నాయనకి ఫోన్ చెయ్యడానికి సాయంత్రం దాకా ధైర్యం చాల్లేదు. ఆయనేం తిట్టలేదు. కార్బన్ కాగితాల బిల్లుబుక్కులు సంచీలో వేసుకుని ఆదివారం మా ఇంటికొచ్చాడు. ఆయన చదవడం, నేను కొట్టడం. రెండు ఆదివారాలు పట్టింది.

ఇప్పుడు రోజూ రాత్రి మెషీన్ ఆపి, మొత్తం కాపీ వేరే డిస్కుకి పంపుతున్నాను. కొత్త ప్రోగ్రాం ఇంకా పూర్తవలేదు. చిన్నాయన మాత్రం ఓ నోట్‌బుక్కు కొనుక్కున్నాడు, నాకు చెప్పకుండా.