పదిహేను వందల్లో పట్నం

మాది జనగామ జిల్లా కొడకండ్ల. మా దిక్కు హైదరాబాద్‌ను ఇప్పటికీ పట్నమే అంటారు. మా అమ్మ, నాయిన పట్నానికి చాలాసార్లే వచ్చారు. కానీ దవాఖానకో, చుట్టాల పెళ్లికో. పని కాగానే తిరుగు బస్సు. చార్మినార్ మాత్రం చూడలేదు.

నేను ఉప్పల్‌లో అద్దె గదిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కారు మాట్లాడి అన్నీ చూపిస్తానంటే అమ్మది ఎప్పుడూ ఒకటే జవాబు: "గన్ని పైసలు పోసి ఏం జూస్తం బిడ్డా!" నాయిన మగ్గం నేస్తాడు. ఒక్కరోజు మగ్గం ఆగితే ఎంత పోతదో ఆయనకు తెలుసు. కొడుకు డబ్బు ఖర్చవుతుంటే ఇద్దరికీ మనసున పట్టదు.

పోయిన చలికాలం అమ్మనే అడిగాను: "నీ పాల పైసల్లోంచి ఎంత పెడతవో చెప్పు, దాంట్లోనే తిరుగుదాం." కాసేపు ఆలోచించి పదిహేను వందలంది. చిన్నమ్మ కూడా తయారైంది. ముగ్గురికి, రెండు రోజులకు పదిహేను వందలు. ఆఫీసులో ఏ ప్రాజెక్టుకూ ఇంత జాగ్రత్తగా ప్లాన్ వేయలేదు!

ముందు బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేదు. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకూ అంతే. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. "ఆడోళ్లంతా పుణ్యానికి పోతరు, పైసలు నాకొక్కనికేనా?" అని నాయిన దారంతా నవ్వించాడు. బస నా గదిలోనే. తిండికి ఇంటి నుంచే సర్వపిండి, పులిహోర.

తర్వాత రోజులు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జూపార్కుకు సోమవారం సెలవు. ఇది చూసుకోకపోతే చార్జీలు దండగ. అందుకే శని, ఆదివారాలు పెట్టుకున్నాం. రోజుకు ఒక దిక్కే తిరిగితే ఖర్చూ తక్కువ, పెద్దవాళ్ల కాళ్లకూ సుఖం.

శనివారం సాలార్‌జంగ్‌లో మధ్యాహ్నం పన్నెండుకు ముందే గడియారం దగ్గర కూర్చున్నాం. గంట గంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు! కానీ నాయిన ఎక్కువసేపు నిలబడింది రెబెక్కా బొమ్మ ముందు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి విగ్రహం. ముఖం మీద ముసుగు కూడా రాయే. "సన్నపు నేత లెక్కనే ఉన్నది. రాయంటే నమ్మబుద్ధి అయితలేదు" అన్నాడు. ఆయన పనితనాన్ని మెచ్చుకోవడం నేను చాలా తక్కువసార్లు విన్నాను.

అక్కడి నుంచి చార్మినార్ నడిచిపోయే దూరమే. పైకెక్కితేనే టికెట్, కింది నుంచి చూస్తే ఏమీ లేదు. లాడ్‌బజార్‌లో అమ్మ, చిన్నమ్మ గంటసేపు బేరమాడి గాజులు కొన్నారు. ఆదివారం పొద్దున బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్. రెండింటికీ టికెట్ లేదు. మధ్యాహ్నం ఉప్పల్‌లో జనగామ బస్సెక్కించాను.

అమ్మ దగ్గర ఇంకా నూట ఎనభై రూపాయలు మిగిలాయి. ఊళ్లో ఎవరడిగినా "నా పైసలతోనే పోయొచ్చిన" అని చెబుతోందట. నేను కారు పెట్టి తిప్పితే ఆ మాట వచ్చేది కాదు. మీరూ మీ పెద్దవాళ్లను తీసుకొస్తుంటే, ఖర్చెంత పెట్టాలో వాళ్లనే చెప్పనివ్వండి. మిగతా లెక్కలు మీరు చూసుకోండి.

గోల్కొండ మిగిలింది. దానికి అమ్మ ఇప్పటినుంచే పైసలు పక్కకు పెడుతోంది.